చేతులు మారిన బుగ్గ

అల్లెఘనీ కొండలలోని ఒక గంధకపు ఊటను రెండువందల నలువది యేండ్లలో వలసరైతులు, అల్లుళ్లు, వర్తకులు, రైలు కంపెనీలు, సైన్యము, బొగ్గుగనుల ధనికులు తమదనిరి. గ్రీన్‌బ్రయర్ విడిది పట్టా చరిత్ర ఇది.

అమెరికా దేశమున పశ్చిమ వర్జీనియా రాష్ట్రపు తూర్పు సరిహద్దున, అల్లెఘనీ పర్వతశ్రేణి మడతల నడుమ, సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు కొంచెము తక్కువ ఎత్తున నున్న ఒక చిన్న లోయలో, తెల్లని స్తంభములపై నిలిచిన ఆకుపచ్చని గుమ్మటము క్రింద, గంధకపు వాసనతో చల్లని నీరు నేటికిని ఎడతెగక ఊరుచున్నది. ఆ గుమ్మటముపై గ్రీకుల ఆరోగ్యదేవత యైన హైజియా ప్రతిమ నిలిచియున్నది. ఆ ఊరి పేరు వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్. ఆ ఊటచుట్టును పెరిగిన మహావిడిది పేరు గ్రీన్‌బ్రయర్. ఏడువందలకు పైబడిన గదులును, పదకొండువేల ఎకరముల కొండభూమియును గల ఆ విడిది వైభవమును గూర్చి పలికినవారు అనేకులు. అది ఎవరెవరి చేతులలో ఏయే విధముగా పడినది, ఎందువలన జారినది అను విచారణ అంత తరచుగా జరుగలేదు. ఆ విచారణయే ఈ వ్యాసమునకు విషయము. ఏలయన, ఒక దేశపు అధికారము ఏ కాలమున ఎవరి చేత నుండెనో తెలిసికొనుటకు రాజుల వంశావళికన్న ఒక్క మంచి ఆస్తి యొక్క దస్తావేజుల కట్ట ఎక్కువగా తోడ్పడునని నా విశ్వాసము.

అల్లుళ్ల చేతికి వచ్చిన ఆస్తి

దస్తావేజు లనునవి పుట్టకమునుపే ఆ నీటిని ఎరిగినవారు షానీ జాతి ఆదివాసులు. వారికి ఆ స్థలము వేటకు వచ్చిపోవు దారిలోని తావేకాని, హద్దురాళ్లు పాతి ఒకరి పేర వ్రాసికొనదగిన సొత్తు కాదు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యభాగమున కొండలు దాటివచ్చిన వలసరైతులు భూమిని సాగుచేసినవానికి హక్కు పుట్టునను న్యాయమును తమ వెంట తెచ్చిరి. స్థానికగాథ ప్రకారము నేథన్ కార్పెంటర్ అనువాడు ఇచ్చట మొక్కజొన్న పండించి ఆ పంట బలముననే హక్కు సంపాదించెను. పిదప ఆదివాసులతో జరిగిన పోరున మరణించెను. అతని భార్య కేట్ బిడ్డతోకూడ ఏ కొండమీద దాగి ప్రాణములు కాపాడుకొనెనో ఆ కొండను నేటికిని కేట్ కొండ యనియే పిలుచుచున్నారు. 1778లో కీళ్లవాతముతో కదలలేని అమాండా ఆండర్సన్ అను నామెను ఈ నీటికడకు మోసికొనివచ్చి స్నానము చేయింపగా ఆమె స్వస్థురాలయ్యెనను కథ యొకటి తరతరములుగా చెప్పబడుచున్నది. విడిది తన వయస్సును ఆ యేటినుండియే లెక్కించుకొనును.

తరువాత భూమి మైఖేల్ బోయర్ వశమయ్యెను. ఆతడు కార్పెంటర్ ఇంటి అల్లుడని ఆ గాథయే చెప్పును. బోయర్ కుమార్తె మేరీని 1797లో వివాహమాడిన బాల్టిమోరు వర్తకుడు జేమ్స్ కాల్వెల్, మామగారి అనంతరము, పంతొమ్మిదవ శతాబ్ది తొలి దశాబ్దములలో ఇక్కడికి వచ్చి స్థిరపడెను. ఇల్లరికమున పొలము అల్లుని చేతికి వచ్చుట మన పల్లెలలో ఎరుగని విషయము కాదు. దస్తావేజుమీద పురుషుని పేరే కనుపించినను, ఆ ఆస్తి ఒక యింటినుండి మరియొక యింటికి నడిచినది కూతుండ్ర వలననే యని గ్రహింపవలెను.

అప్పుల మీద లేచిన వైభవము

చెల్లాచెదురుగా నున్న కొయ్య గుడిసెల గుంపును దక్షిణ రాష్ట్రముల శ్రీమంతులకు వేసవి రాజధానిగా తీర్చిదిద్దినవాడు కాల్వెల్. వేసవియందు సముద్రతీర నగరములలో చలిజ్వరము, పసుపుజ్వరము, కలరా చెలరేగుచుండగా, ప్రత్తి, చెరకు, వరి తోటల యజమానులు కుటుంబములతో, బండ్లతో, బానిసలతో కూడ కొండలమీదికి తరలివచ్చుచుండిరి. ఒక్క బుగ్గతో తృప్తిపడక బుగ్గనుండి బుగ్గకు తిరుగుట వారికొక ఆచారమై యుండెను. నాడు అన్నింటిలో అగ్రస్థానము వైట్ సల్ఫర్‌ది. ఇచ్చట ఆస్థానవైద్యుడుగా నుండిన డాక్టరు జాన్ మూర్మన్ ఏ రోగమునకు ఎన్ని గ్లాసులు త్రాగవలెనో నిర్ణయించుచు ఈ జలములను గూర్చి గ్రంథములే వ్రాసెను. ఆ నీటికి కాలేయరోగములను, చర్మవ్యాధులను, వాతమును హరించు శక్తి కలదని నాటివారు నమ్మిరి. నేటి వైద్యశాస్త్రము అంతటి నమ్మకమును సమర్థింపదు గాని, జ్వరములకు పుట్టినిల్లైన పల్లపుభూములను విడిచి చల్లని గాలిలో రెండుమూడు మాసములు గడిపినవారి దేహములు కోలుకొనుటలో ఆశ్చర్య మేమియు లేదు.

కాల్వెల్ చేతిలో భూమి యుండెను, ధనము లేకుండెను. అందువలన ధనవంతులగు అతిథులు తమ ఖర్చుతో తన భూమిపై కుటీరములు కట్టుకొనుటకు ఆతడు సమ్మతించెను. ఆ విధముగా బాల్టిమోరు వరుస, అలబామా వరుస, ప్యారడైజ్ వరుస లేచినవి. న్యూ ఆర్లియన్స్‌కు చెందిన చెరకు తోటల ప్రభువు స్టీఫెన్ హెండర్సన్ 1835లో కట్టించిన కుటీరమున తరువాత వాన్ బ్యూరెన్, టైలర్ మొదలగు అధ్యక్షులు విడిసిరి గనుక అది అధ్యక్షకుటీరమను పేర నిలిచెను. ఇన్ని భవనములు లేచినను కాల్వెల్ అప్పులు తీరలేదు. మూడునెలల వేసవి రాబడితో పన్నెండునెలల భారమును మోయవలసివచ్చిన ఆ గృహస్థు 1851లో మరణించునాటికి ఆస్తి ఋణములలో మునిగియుండెను. వారసులు దానిని నిలుపుకొనజాలక 1857లో వర్జీనియాకు చెందిన కొందరు పెట్టుబడిదారుల సంఘమునకు విక్రయించిరి. కుటుంబపు సొత్తుగా నున్న బుగ్గ అప్పుడు తొలిసారిగా వాటాదారుల సొత్తయ్యెను. కొత్త యజమానులు మరుసటి యేడే నాలుగువందల అడుగుల పొడవుగల బ్రహ్మాండమైన హోటలును నిర్మించిరి. దాని నామధేయము గ్రాండ్ సెంట్రల్ హోటల్ ఐనను ప్రజలు దానిని ప్రేమతో ఓల్డ్ వైట్ అని పిలిచిరి.

ఈ వైభవమంతయు ఎవరి రెక్కలపై నిలిచెనో చెప్పక ముందుకు సాగుట న్యాయము కాదు. నీళ్లు తోడినవారు, వంటలు వండినవారు, బట్టలుతికినవారు, పడకలు పరచినవారు, గుఱ్ఱములను మేపినవారు బానిసలుగా బంధింపబడిన ఆఫ్రికా సంతతివారు. కొందరు విడిదికి చెందినవారు. కొందరు కిరాయికి తేబడినవారు. కొందరు అతిథుల వెంట వచ్చినవారు. బుగ్గకు పట్టా ఉన్నట్లే వారి శరీరములకును నాటి చట్టము పట్టా వ్రాసెను. ఆస్తి చరిత్రలో ఇంతకన్న హీనమైన పుట మరియొకటి లేదు.

తుపాకుల నడుమ

కొత్త హోటలు వెలసి మూడేండ్లు తిరుగకమునుపే అంతర్యుద్ధము వచ్చెను. ఇరుపక్షముల సైన్యములును వేర్వేరు కాలములలో ఈ భవనములను ఆక్రమించి వైద్యశాలగను, సేనాని నివాసముగను ఉపయోగించుకొనెను. 1863 జూన్ 20న పశ్చిమ వర్జీనియా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడుటతో, యజమానులు కదలక యుండగనే వారి ఆస్తి ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు చేరిపోయెను. 1864లో ఉత్తర సేనాని డేవిడ్ హంటర్ పశ్చిమమునకు మరలుచు ఈ విడిదిని తగులబెట్టింప నెంచెను. ఫిరంగిదళ నాయకుడగు కెప్టెన్ హెన్రీ డు పాంట్, ముందుముందు ఈ కనుమను కాపాడవలసివచ్చినప్పుడు మన సేనలకు ఇంతకన్న మంచి బస దొరకదని నచ్చజెప్పగా ఆ యుద్యమము ఆగెను. భవనముల సౌందర్యమును గాని, పూర్వవైభవమును గాని ఆతడు పేర్కొనలేదు. సేనాని మనస్సుకు పట్టునట్టి సైనికప్రయోజనమును మాత్రమే చూపెను. అట్టి సమయజ్ఞత వలననే ఓల్డ్ వైట్ బూడిద కాక మిగిలెను.

యుద్ధానంతరము 1867లో విడిది మరల తెరవబడెను. ఓడిన పక్షపు సేనాని రాబర్ట్ ఈ. లీ 1867 మొదలు 1869 వరకు మూడు వేసవులు ఇచ్చట గడపెను. 1868లో ఆయనయు, మరికొందరు దక్షిణ ప్రముఖులును ఇచ్చటినుండియే ఒక లేఖను ప్రకటించిరి. బానిసత్వము ముగిసినదని అందు వారు అంగీకరించిరి; దానితోపాటే, విముక్తులైన నల్లవారి చేతికి రాజకీయాధికారము వచ్చుటను వ్యతిరేకించిరి. ఊట ఒడ్డున కూర్చుండి సామరస్యమును గూర్చి మాటాడిన ఆ పెద్దలు, తమకు మంచినీళ్లందించిన చేతులకు ఓటుహక్కు తగదనిరి.

రైలు వచ్చెను, యజమాని మారెను

1869లో చెసపీక్ అండ్ ఒహాయో రైలుమార్గము ఈ ఊరికి చేరెను. అంతకుపూర్వము రోజుల తరబడి కుదుపుల బండిలో చేయవలసిన ప్రయాణము సుఖయాత్రగా మారెను. అటుపిమ్మట నలువదేండ్లపాటు విడిది నిలకడలేని ధనస్థితిలో చేతులు మారుచుండగా, అతిథులను తెచ్చి దింపుచు టిక్కెట్ల సొమ్ము గణించుకొనుచుండిన రైలు కంపెనీయే 1910లో దానిని కొనెను. కాల్వెల్‌కు లేని రెండు బలములు ఆ కంపెనీకి కలవు: ఒకటి పెట్టుబడి, రెండవది ప్రయాణికుడు. గది అద్దెలో వచ్చు నష్టమును రైలు చార్జీలో పూడ్చుకొనగల యజమాని ఆ బుగ్గకు అదివరకు దొరకలేదు.

1912లో కొత్త స్నానశాల, 1913లో ఫ్రెడరిక్ స్టెర్నర్ అను వాస్తుశిల్పి రూపకల్పన చేసిన గ్రీన్‌బ్రయర్ హోటలు వెలసినవి. ఇది పన్నెండునెలలును తెరచియుండునట్లు కట్టబడినది. మూడునెలల ఆదాయమను పూర్వపు శాపము ఆ విధముగా తొలగెను. 1914లో జోసెఫ్ కెనెడీ, రోజ్ దంపతులు వివాహానంతరము ఇచ్చటికి విహారమునకు వచ్చిరి. ఓల్డ్ వైట్ మాత్రము అగ్నిభద్రతా నియమములకు లోబడజాలక 1922లో కూల్చివేయబడెను. క్రమముగా నీటిని త్రాగుటకు వచ్చువారు తగ్గి, గోల్ఫు ఆడుటకు వచ్చువారు పెరిగిరి. 1936లో శామ్ స్నీడ్ అను యువకుడు ఇచ్చట గోల్ఫు శిక్షకుడుగా చేరి, పిమ్మట ప్రపంచప్రసిద్ధు డయ్యెను. ఆ దశాబ్దములలో భోజనశాలకు పేరు తెచ్చిన వడ్డనవారిలో అధికులు నల్లజాతివారు. వారు వడ్డించిన బల్లలకడ అతిథులుగా కూర్చుండు హక్కు మాత్రము వారికి చిరకాలము లేకపోయెను.

రాజ్యము యజమాని యైన నాలుగేండ్లు

1941 డిసెంబరులో అమెరికా రెండవ ప్రపంచయుద్ధమున ప్రవేశించినంతనే, వాషింగ్టన్‌లో చిక్కుకొనిన జర్మనీ, ఇటలీ, హంగేరీ దేశముల రాయబారులను, తరువాత జపాన్ రాయబారులను ఈ విడిదిలోనే నిర్బంధించిరి. తమ రాయబారులకు శత్రుదేశములలో మర్యాద జరుగవలెనన్న, వారి రాయబారులకు ఇచ్చట మర్యాద జరుగవలెను గదా! 1942 వేసవినాటికి వారు స్వదేశములకు మరలిరి. ఆ సెప్టెంబరులో సైన్యము యుద్ధకాలాధికారముతో 33 లక్షల డాలర్లకు హోటలును సొంతము చేసికొని, రెండువేల పడకల వైద్యశాలగా మార్చెను. కొంకిపురుగు వ్యాధి నిర్మూలనకై కృషిచేసిన సైనికవైద్యుడు బెయిలీ ఆష్‌ఫర్డ్ పేర దానికి ఆష్‌ఫర్డ్ జనరల్ హాస్పిటల్ అని నామకరణము చేసిరి. నాలుగేండ్లలో 24,148 మంది సైనికులు అందు చికిత్స పొందిరి.

ఈ సంఖ్యను పాఠకులు మనస్సునందుంచుకొనవలెనని కోరుచున్నాను. ఆరోగ్యదేవత ప్రతిమను గుమ్మటముమీద నిలిపిన ఆ స్థలము, ధనమును బట్టి గాక గాయమును బట్టి మనుష్యుని లోనికి చేర్చుకొనిన కాల మిదియే. వాకిట ఎవరును బిల్లు చేతికీయలేదు. యుద్ధము ముగిసినపిదప 1946లో రైలు కంపెనీ దానిని సర్కారునుండి తిరిగి కొనెను. డొరొతీ డ్రేపర్ అను గృహాలంకరణ నిపుణురాలు వైద్యశాల గోడలను పెద్దపెద్ద పూల నమూనాలతోను, గాఢమైన రంగులతోను కప్పివేయగా, 1948లో శ్రీమంతులు మరల వచ్చిరి.

కొండ కడుపులో రహస్యము

1950వ దశకపు చివరి సంవత్సరములలో అణుయుద్ధభయము దేశమును ఆవరించెను. అట్టి యుద్ధము వచ్చినచో చట్టసభల సభ్యులు ఎచ్చట తలదాచుకొనవలెను? రాజధానికి రైలు సౌకర్యము కలిగి, కొండలచాటున నుండి, వందలకొలది జనులకు బస ఈయగల తావు గ్రీన్‌బ్రయర్. రైలు కంపెనీ అంగీకరించెను. 1958 మొదలుకొని పశ్చిమ వర్జీనియా విభాగమను పేర హోటలుకు కొత్త భవనము కట్టుచున్నట్లు లోకమునకు చూపి, దాని క్రింద కొండను తొలిచి 1,12,000 చదరపు అడుగులకు పైబడిన భూగర్భాశ్రయమును నిర్మించిరి. ఇరువదియైదు టన్నుల ఉక్కు తలుపులు, 1,100 పడకలు, వైద్యశాల, వంటశాల, ఉభయసభలకు సమావేశమందిరములు అందు ఏర్పడినవి. ఫోర్సైత్ అసోసియేట్స్ అను పేర టెలివిజన్లు బాగుచేయు కంపెనీవారుగా చెలామణియైన సర్కారు ఉద్యోగులు ముప్పదియేండ్లు దానిని సర్వసన్నద్ధముగా ఉంచిరి.

ఇచ్చట యాజమాన్య మను భావమే రెండంతస్తులైనది. పైన నృత్యశాల, క్రింద రాజ్యము. పై అంతస్తుకు కంపెనీ యజమాని, క్రింది దానిమీద అధికారము ప్రభుత్వముది. ఊరిలో కాంక్రీటు మోసినవారు, లోపల పనిచేసినవారు ఎంతో కొంత ఊహించియే యుండిరి. ఐనను తమ నోట ఆ మాట బయటికి రానీయలేదు. 1992 మే 31న టెడ్ గప్ అను పాత్రికేయుడు వాషింగ్టన్ పోస్ట్ ఆదివారపు పత్రికలో ఈ సంగతిని వెల్లడించెను. రహస్యము పోయినపిదప ఆశ్రయమునకు ప్రయోజనము లేదు గనుక, 1995లో ప్రభుత్వము తప్పుకొనెను. నేడు టిక్కెట్టు కొనినవారు ఎవరైనను దానిని చూడవచ్చును.

దివాలా, కొనుగోలు, వరద

1980లో రైలు కంపెనీలు కలిసిపోయి సీ.ఎస్.ఎక్స్. సంస్థగా ఏర్పడెను. విమానములు, కార్లు వచ్చినపిదప రైలు కంపెనీకి హోటలు ప్రయాణికులను తెచ్చిపెట్టు సాధనముగా మిగులక కేవలము భారమయ్యెను. 2009 మార్చిలో గ్రీన్‌బ్రయర్ దివాలా రక్షణ కోరుచు న్యాయస్థానమునకు వెళ్లెను. మే నెలలో బొగ్గుగనుల వ్యాపారి, పశ్చిమ వర్జీనియావాసి యైన జిమ్ జస్టిస్ రెండుకోట్ల డాలర్లకు కొంచెము పైబడిన ధరకు దానిని కొనెను. శతాబ్దకాలపు యజమానికి వీడ్కోలు ఇంత చౌకగా జరిగెను. 2010లో భూగర్భమున జూదశాల తెరవబడెను. అదే యేట పెద్ద గోల్ఫు పోటీలును ఆరంభమయ్యెను.

2016 జూన్ 23న కనీవినీ యెరుగని వరద రాష్ట్రమును ముంచెత్తి 23 మంది ప్రాణములను బలిగొనెను. వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్ ఊరికి తగిలిన దెబ్బ మిగుల ఘోరమైనది. పోటీ రద్దయ్యెను, మైదానములు ధ్వంసమయ్యెను. ఆ దినములలో హోటలు సాధారణ అతిథులకు తలుపులు మూసి, ఇండ్లు కోల్పోయిన ఊరివారికి తలుపులు తెరచెను. పాలరాతి నేలలమీద బురదకాళ్లతో కుటుంబములు నడచినవి. సైనిక వైద్యశాల కాలము తరువాత ఆ ఊట తన ధర్మమును నెరవేర్చిన మరియొక సందర్భముగా దీనిని నేను భావింతును.

జస్టిస్ 2017లో రాష్ట్రగవర్నరుగను, 2025లో అమెరికా సెనేటరుగను పదవి స్వీకరించెను. ఐనను కాల్వెల్‌ను వెన్నాడిన అప్పు ఆయననును విడువలేదు. 2024 ఆగస్టులో, బకాయిపడిన రుణమునకై గ్రీన్‌బ్రయర్‌ను లూయిస్‌బర్గ్ న్యాయస్థానపు మెట్లకడ వేలము వేయుదురని ప్రకటన వెలువడెను. రుణదాతతో ఒప్పందము కుదురుటచే గడువునకు కొద్దిదినముల ముందు ఆ వేలము ఆగెను.

పట్టా లేని వారసులు

బుగ్గను ఇట్లు ప్రైవేటు చేతులలో విడిచిపెట్టుట తప్పనిసరియైన మార్గము కాదు. 1832లోనే అమెరికా కాంగ్రెసు ఆర్కాన్సా కొండలలోని వేడినీటి బుగ్గలను ప్రభుత్వపరముగా ప్రత్యేకించెను. 1921లో అది జాతీయోద్యానవన మయ్యెను. కెనడాలో 1883లో ముగ్గురు రైలుపనివారు బాన్ఫ్ కడ గుహలోని వేడినీటిని కనుగొని హక్కు తమదనగా, పోటీదారులు లేచి తగవులాడగా, ప్రభుత్వము 1885లో ఆ స్థలమును తానే ప్రత్యేకించెను. దేశపు మొదటి జాతీయోద్యానవనము ఆ తగవునుండియే పుట్టినది. ఆ రెండుచోట్లను ఆదివాసుల పూర్వపరిచయమునకు తగిన గౌరవము దక్కలేదను దోషము కలదు. ఐనను, అచ్చటి నీరు వేలపుపాటకు ఎక్కవలసిన అగత్యము లేదు.

గ్రీన్‌బ్రయర్ చరిత్రను ఆద్యంతము పరిశీలించినచో ఒక్క సత్యము తేటతెల్లమగుచున్నది. ప్రతి యజమానియు తన కాలపు బలమును తెచ్చెను: కాల్వెల్ వర్తకపు తెలివిని, పెట్టుబడిదారులు వాటాలను, రైలు కంపెనీ పట్టాలను, సైన్యము ఆజ్ఞను, జస్టిస్ బొగ్గు ధనమును. ఆ బలము క్షీణించిననాడు ఆస్తి చేయి జారెను. ఏ యజమానికిని చెందక, యజమాను లందరికాలమునను అచ్చటనే యున్నవారు ఆ లోయవాసులు. తాత తోటమాలిగను, తండ్రి వడ్డనవాడుగను, కూతురు లెక్కలు వ్రాయునదిగను పనిచేసిన కుటుంబములు ఆ ఊరిలో కలవు. రహస్యమును దాచినవారు వారే. వరదకు మునిగినవారు వారే. హోటలు మూతపడునను వార్త వచ్చినప్పుడెల్ల నిద్రలేని రాత్రులు గడపినవారును వారే. దస్తావేజులలో వారి పేరు ఒక్కనాడును ఎక్కలేదు.

కావున నా నిర్ణయ మిది. ఊటకు ధర్మకర్త యుండవచ్చును గాని యజమాని యుండరాదు. దానిని ఏలుటకు అర్హతను కొనుగోలు ధరనుబట్టి గాక, ఆపదలో ఎంతమందికి తలుపు తీసెనో, పనిచేయు చేతులకు ఏమి దక్కించెనో దానినిబట్టి నిర్ణయింపవలెను. ఆ కొలతతో కొలిచినప్పుడు రెండువందల నలువది యేండ్లలో కొద్ది సంవత్సరములు మాత్రమే నిగ్గుతేలును. వాషింగ్టన్, వర్జీనియా ప్రాంతములలో స్థిరపడిన మన తెలుగువారికి ఆ లోయ కారులో ఇంచుమించు నాలుగైదు గంటల దారి. రైలు సైతము హోటలు ఎదుటనే ఆగును. అచ్చటికి వెళ్లినవారు గుమ్మటమును, భూగర్భాశ్రయమును చూచి మరలిపోక, ఊరి వీధులలోనికి నడచి, ఆ హోటలును తరతరములుగా నిలిపిన కుటుంబములను పలుకరింతురు గాక. ఆ బుగ్గకు నిజమైన వారసులు వారు.